బుర్రకథ పితామహుడు షేక్ నాజర్

మన హాస్టల్లో కొత్తగా చేరిన తమ్ముళ్లను మీ నాన్న ఏం చేస్తారని అడిగితే కొందరు తల దించుకుంటారు. కూలిపని అనో, చెప్పులు కుడతారనో చెప్పడానికి నోరు రాదు. అలాంటి తమ్ముళ్లందరూ తెలుసుకోవలసిన మహా కళాకారుడు షేక్ నాజర్.

నాజర్ గారు 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో నిరుపేద దూదేకుల కుటుంబంలో జన్మించారు. దూది ఏకి పరుపులు కుట్టే ఈ కులస్తులను పింజారి అని కూడా పిలిచేవారు. ఆ మాటను కొందరు తిట్టుగా వాడేవారు. చిన్నతనంలోనే ఆయన గొంతు అందరినీ ఆకట్టుకుంది. మురుగుళ్ళ సీతారామయ్య గారి వద్ద సంగీతం నేర్చుకున్నారు. పొట్టగడవక దర్జీ పని చేశారు, పిల్లలకు సంగీత పాఠాలు చెప్పారు.

అప్పటికి జంగాలు ఊరూరా తిరిగి చెప్పుకునే కథలను చదువుకున్నవారు భిక్షాటన విద్యగా చూసేవారు. 1940 దశకంలో ప్రజానాట్యమండలి ఆ కళను చేతికెత్తుకుంది. నాజర్ గారు తంబుర భుజాన వేసుకుని, వేలికి అందెలు తొడిగి, ఇరుపక్కలా డక్కీలతో వంతలు తందాన అందుకుంటుండగా కథ చెబితే జనం తెల్లవార్లూ కదిలేవారు కాదు. జానపద బాణీకి శాస్త్రీయ రాగాలను, నాట్యాన్ని, నటనను జోడించారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధంతో పాటు 1943 నాటి బెంగాల్ కరువును కూడా కథగా చెప్పారు. జనాన్ని మేల్కొలుపుతున్నదని పాలకులు బుర్రకథపై నిషేధం కూడా పెట్టారు.

మన ప్రాంతానికి ఆయన రుణం మరొకటి ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడితో మొదలైన మన్యం పోరాటాన్ని అల్లూరి సీతారామరాజు బుర్రకథగా తెలుగునాడంతా వినిపించారు. 1954లో వచ్చిన అగ్గిరాముడు సినిమాలోనూ ఆ కథ చెప్పారు. తన విద్యను దాచుకోక ఎన్నో దళాలకు నేర్పి తయారుచేశారు.

1986లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. 1997 ఫిబ్రవరి 22న ఆయన కన్నుమూశారు. ఆయన ఆత్మకథ పేరు పింజారి. ఏ మాటతో లోకం తన వాళ్లను చిన్నచూపు చూసిందో ఆ మాటనే తన పుస్తకానికి కిరీటంగా పెట్టుకున్నారు.

మిత్రులారా! మన తాతలు వాయించిన డప్పు, మన అమ్మలు నాట్లలో పాడిన పాట కూడా గొప్ప విద్యలే. వచ్చే వార్షికోత్సవంలో సినిమా పాటల రికార్డులతో పాటు ఒక్క బుర్రకథైనా మనమే నేర్చుకుని చెబుదాం. నాన్న పని అడిగినప్పుడు తలెత్తి చెబుదాం. నాజర్ గారికి మనం ఇచ్చే నిజమైన నివాళి అదే.