నియోప్రీన్ సృష్టికర్త కరోథర్స్

శీతల సముద్రములలో మునుగువాడు ముఖమునకు అద్దపు తొడుగును, దేహమునకు నల్లని బిగుతైన ఉడుపును ధరించి నీటిలోనికి దిగును. తొడుగు కన్నుల యెదుట కొంత గాలిని నిలిపి చూపును స్పష్టపరచును. ఉడుపు దేహమునందలి వేడిని కాపాడును. నీరు గాలికంటె ఇరువది రెట్లకు పైగా వేగముగ వేడిని లాగివేయును గనుక, ఉడుపు లేనిచో చలికే ప్రాణాపాయము కలుగవచ్చును. మనవారు దీనిని కూడ రబ్బరనియే పిలుతురు గాని, చెట్టు పాలతో దీనికి సంబంధము లేదు. ఇది రసాయనశాలలో పుట్టిన నియోప్రీన్. దాని పుట్టుకకు ముఖ్యకారకుడైన వాలెస్ హ్యూమ్ కరోథర్స్ నలువదియొక్క సంవత్సరములు మాత్రమే జీవించెను.

ఆయన 1896 ఏప్రిల్ 27వ తేదీన, అమెరికాలోని అయోవా రాష్ట్రమున బర్లింగ్టన్ పట్టణమందు జన్మించెను. తండ్రి వాణిజ్య విద్యాలయమున ఉపాధ్యాయుడు. కుమారుడును మొదట పద్దులు వ్రాయు విద్యయే నేర్చి, పిదప టార్కియో కళాశాలలో చేరి రసాయనశాస్త్రమునకు వశుడయ్యెను. అచ్చటి రసాయనాచార్యుడు వేరొక చోటికి పోగా, ఇంకను పట్టము పొందని ఈ విద్యార్థియే తోడివారికి పాఠములు చెప్పెను. 1924లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును, 1926లో హార్వర్డునందు బోధకపదవిని పొందెను.

డ్యూపాంట్ సంస్థవారు విల్మింగ్టన్‌లోని తమ పరిశోధనాలయమునకు రమ్మని పిలిచినపుడు ఆయన వెనుదీసెను. అప్పుడప్పుడు తన్ను ఆవరించు మనోవ్యథ తన శక్తిని హరించుననియు, అట్టి సంస్థలో అది మరింత అడ్డు కాగలదనియు దాపరికము లేక వారికి వ్రాసెను. ఉద్యోగము కోరువారు సాధారణముగ దాచుకొను విషయమిది. అయినను వారు పట్టు విడువలేదు. 1928లో ఆయన అచ్చట చేరెను.

కృత్రిమ రబ్బరునకు బీజము అంతకు ముందే పడినది. ఇండియానాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయమున జూలియస్ న్యూలాండ్ అను క్రైస్తవ పురోహితుడు ఎసిటిలీన్ వాయువుపై చిరకాలము పరిశోధన సల్పెను. 1925లో ఆయన చేసిన ప్రసంగమును విన్న డ్యూపాంట్ సంస్థకు చెందిన ఎల్మర్ బోల్టన్ అందు రబ్బరునకు దారి కనుగొనెను. ఆ పని కరోథర్స్ బృందమునకు చేరెను. 1930 ఏప్రిల్‌లో ఆర్నాల్డ్ కాలిన్స్ అను సహాయకుడు న్యూలాండ్ పదార్థమును శుద్ధి చేయుచుండగా క్రొత్త ద్రవమొకటి వేరుపడెను. కొన్నాళ్లు ఊరకుంచగా అది గడ్డకట్టెను. ఆ గడ్డను బల్లపై విసరగా బంతివలె ఎగిరెను! ఆ ద్రవమే క్లోరోప్రీన్. సహజ రబ్బరు అణుమాలికకు మూలమైన ఐసోప్రీన్‌లో ఒక మిథైల్ సమూహమున్న చోట దీనియందు క్లోరిన్ పరమాణువు ఉన్నది. ఈ యొక్క మార్పు చేతనే నియోప్రీన్ నూనెకును, ఎండకును, ఓజోన్‌కును సహజ రబ్బరువలె త్వరగా లొంగదు. చూచినది కాలిన్స్ కన్నులే యైనను, అణువులు గొలుసులవలె ఎట్లు పెరుగునో విశదపరచి ఆ యాదృచ్ఛిక ఘటనను శాస్త్రముగ నిలిపినది కరోథర్స్ బుద్ధియే. న్యూలాండ్ లేనిదే ఇది లేదన్నదియు సత్యమే.

1931లో ఈ పదార్థము లోకమునకు వెల్లడియయ్యెను. 1935లో నైలాన్ పుట్టెను. 1936లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు ఆయనను సభ్యునిగ ఎన్నుకొనెను. పరిశ్రమలో పనిచేయు కర్బన రసాయనవేత్తకు ఈ గౌరవము అదియే ప్రథమము. ఇంత జరిగినను తనలో క్రొత్త తలంపులు ఇంకిపోయినవనియే ఆయన నమ్మెను. సంగీతము, గ్రంథపఠనము, మిత్రుల ఆదరము, వైద్యుల యత్నము ఏవియు ఆ నమ్మకమును కదల్పలేకపోయెను. 1936 ఫిబ్రవరిలో హెలెన్ స్వీట్‌మన్‌ను వివాహమాడెను. మరుసటి జనవరిలో ప్రియసోదరి ఇసబెల్ మరణింపగా ఆయన మరి తేరుకొనలేదు. 1937 ఏప్రిల్ 29న ఫిలడెల్ఫియాలో ఆత్మహత్య చేసికొనెను. ఏడు నెలలకు కుమార్తె జన్మించెను. అట్టి సమయమున ఆయన నిలువలేకపోయెనని కొందరు నిందింతురు. వ్యాధి తర్కమునకు లొంగదని వారు మరచెదరు.

నియోప్రీన్ మునకగాని ఉడుపగుటకు మరి పదునాలుగేండ్లు పట్టినది. మేను తడియరాదనియే అంతవరకు పలువురి భావన. నాటి పొడి ఉడుపు ఎచ్చట చినిగినను చన్నీరు లోనికి చొరబడి లోపలి బట్టలను తడుపును. 1951 ప్రాంతమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రజ్ఞుడు హ్యూ బ్రాడ్నర్, తడిసినను వేడి నిలుచుననియు, వలసినది ఉడుపులో చిక్కుకొన్న వాయువే గాని మేని పొడితనము కాదనియు గ్రహించెను. వాయుబుడగలతో నురుగువలె పొంగించిన నియోప్రీన్ ఆ పనికి తగినదయ్యెను. ఉడుపునకును చర్మమునకును నడుమ చేరిన పలుచని నీటిపొర మేనివేడిచే వెచ్చబడి అచ్చటనే నిలుచును. ఈ వినియోగమును కరోథర్స్ గాని, 1936లోనే గతించిన న్యూలాండ్ గాని చూడలేదు.

అయితే ఆ ఉడుపునకును హద్దు కలదు. పది మీటర్ల లోతున నీటి ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపగును. బుడగలు కుంచించుకొని, ఉడుపు పలుచనై, వెచ్చదనము తగ్గును. అందుచేతనే మిక్కిలి లోతులకును, మంచునీటికిని పోవువారు నీరు చొరని ఉడుపును ధరించి, దాని లోపల వెచ్చని బట్టలు తొడిగికొందురు.