మట్టిని నమ్ముకున్న శిల్పి రామ్‌కింకర్ బైజ్



శిల్పి అనగానే మనకు పాలరాయి, కంచు, రాజుల విగ్రహాలు గుర్తుకు వస్తాయి. డబ్బు లేనివాడికి ఆ విద్య ఎలా అబ్బుతుంది అనే అనుమానమూ కలుగుతుంది. ఆ అనుమానానికి తన జీవితంతోనే జవాబు చెప్పిన మహనీయుడు రామ్‌కింకర్ బైజ్. మన దేశంలో ఆధునిక శిల్పకళకు బాట వేసిన వారిలో ఆయన ముందు వరుసలో ఉంటారు.

రామ్‌కింకర్ 1906 మే 25న బెంగాల్‌లోని బాంకురాలో, క్షౌరవృత్తి మీద బతికే ఒక పేద కుటుంబంలో జన్మించారు. రంగులు కొనే స్తోమత ఇంట్లో లేదు. అందుకని ఆకుల పసరుతో పచ్చరంగు, పసుపుతో పసుపుపచ్చ, తల్లి కాళ్ళకు పెట్టుకునే పారాణితో ఎరుపు తయారు చేసుకునేవారు. ఊళ్ళో దేవతా విగ్రహాలు చేసేవారి దగ్గర కూర్చుని మట్టిపని చూసి నేర్చుకున్నారు. సహాయ నిరాకరణోద్యమం రోజుల్లో ఊరేగింపుల కోసం జాతీయ నాయకుల బొమ్మలు వేశారు. నాటకాలకు తెరలు కూడా రాశారు.

ఆ కుర్రవాడి బొమ్మలు అదే బాంకురాకు చెందిన ప్రముఖ పత్రికా సంపాదకుడు రామానంద ఛటర్జీ కంటపడ్డాయి. ఆయనే 1925లో రామ్‌కింకర్‌ను శాంతినికేతన్‌లోని కళాభవన్‌కు చేర్చారు. అక్కడి గురువు నందలాల్ బోస్ ఆ బొమ్మలు చూసి, ఇంత వచ్చిన వాడికి ఇక్కడ నేర్చుకునేది ఏముందని ఆశ్చర్యపోయి, సరే, రెండు మూడేళ్ళు ఉండమన్నారని చెబుతారు. ఆ రెండు మూడేళ్ళు ఒక జీవితకాలం అయ్యాయి. రామ్‌కింకర్ అక్కడే అధ్యాపకుడై, శిల్ప విభాగానికి అధిపతి అయ్యారు.

పెద్ద శిల్పాలు చేయాలని ఆయన కోరిక. కంచు పోత పోయించడానికి, రాయి తెప్పించడానికి డబ్బేదీ? అప్పుడు ఆయన చూపు కాళ్ళ కింద నేల మీద పడింది. శాంతినికేతన్ చుట్టూ ఎర్ర మొరం నేలలు. ఆ మొరం కంకరను సిమెంటు, ఇసుకతో కలిపారు. ఇనుప చువ్వలతో ఆకారం కట్టి, తడి ముద్దను చేత్తో విసిరి విసిరి అంటించారు. గట్టిపడేలోగా ఉలితో చెక్కి రూపం దిద్దారు. నునుపు చేయలేదు. ఆ గరుకుదనమే ఆ శిల్పాలకు ప్రాణం. అవి ఆ నేలలోంచే మొలిచినట్లు కనబడతాయి.

1935లో చెట్ల మధ్య సన్నగా, పొడవుగా నిలబడిన యువతి శిల్పం చేశారు. నందలాల్ సలహా మీద తలపై పాయసం గిన్నె చేర్చడంతో అది బుద్ధునికి పాయసం పెట్టిన సుజాత అయ్యింది. దానిని చూసి రవీంద్రనాథ్ ఠాగూర్ ఆవరణ అంతా ఇలాంటి శిల్పాలతో నింపమని ప్రోత్సహించారట.

1938లో చేసిన ‘సంతాల్ కుటుంబం’ ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చింది. బతుకుతెరువు కోసం నడిచిపోతున్న గిరిజన భార్యాభర్తలు, భర్త భుజాన కావడి, కావడి బుట్టలో పసిబిడ్డ, పక్కన ఇంటి కుక్క. దేవుళ్ళకూ దొరలకూ మాత్రమే విగ్రహాలు ఉండే రోజుల్లో కూలివాళ్ళను నిలువెత్తున అందరి ముందూ నిలబెట్టడం సామాన్యమైన సాహసం కాదు. 1956లో చేసిన ‘మిల్లు పిలుపు’లో కూత విని, తడి బట్టలు గాలికి ఆరబెట్టుకుంటూ పరుగెత్తే కూలి స్త్రీలు కనబడతారు.

మన హాస్టల్ విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన విషయం మరొకటి ఉంది. కళాభవన్‌లో ‘కాలో బారి’ అనే మట్టి ఇల్లు ఉంది. కాలో బారి అంటే నల్ల ఇల్లు. అది విద్యార్థుల హాస్టలే! మట్టిగోడలు వానకు కరగకుండా తారు పూశారు. నందలాల్, రామ్‌కింకర్, విద్యార్థులు కలిసి ఆ గోడల నిండా బొమ్మలు మలిచారు. తాము పడుకునే గది గోడనే వారు బడిగా మార్చుకున్నారు.

తరువాత ఢిల్లీ రిజర్వ్ బ్యాంకు ముంగిట పెద్ద రాతి యక్ష, యక్షిణి విగ్రహాలు చేసే పని వచ్చింది. ఏళ్ళ తరబడి శ్రమించి 1967లో ముగించారు. 1970లో పద్మభూషణ్ లభించింది. అయినా ఆయన గడ్డి కప్పు ఇంట్లోనే ఉన్నారు. కప్పు కారితే తను వేసిన తైలవర్ణ చిత్రాలనే వానకు అడ్డం పెట్టుకున్నారు. డబ్బునూ ఆరోగ్యాన్నీ ఆయన పట్టించుకోలేదు. దాని ఫలితం చివరి రోజుల్లో బాధగానే అనుభవించారు. 1980 ఆగస్టు 2న కలకత్తాలో కన్నుమూశారు. ఆయన శిల్పాలు నిలిచిన శాంతినికేతన్‌ను 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

మిత్రులారా! మనలో చాలామందిమి ఒక ట్రంకు పెట్టెతో ఈ హాస్టల్ గడప తొక్కినవాళ్ళమే. మనకు అది లేదు, ఇది లేదు అని దిగులుపడిన రాత్రులు అందరికీ ఉన్నాయి. రామ్‌కింకర్‌కు కూడా చాలా లేవు. ఉన్న మొరాన్ని ఆయన పిడికిట పట్టుకున్నారు. మన వీధిలో, మన చేలో, మన తల్లిదండ్రుల చేతిపనిలో ఏముందో ఒకసారి మనమూ తేరిపార చూద్దాం.