ఆకాశంలో టపా మోసిన జె.ఆర్.డి. టాటా

మన దేశంలో విమానాలకు దారి వేసిన మహానుభావుడు జె.ఆర్.డి. టాటా. పూర్తి పేరు జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. ఆయన 1904 జూలై 29న పారిస్‌లో జన్మించారు. తండ్రి పార్సీ, తల్లి ఫ్రెంచి ఆమె. చిన్నప్పటి నుండి ఆయనకు విమానాలంటే పిచ్చి. 1929 ఫిబ్రవరి 10న పైలట్ లైసెన్సు పొందారు. మన దేశంలో ఇచ్చిన లైసెన్సుల్లో నంబరు 1 అదే.

1930లో ఆగాఖాన్ పెట్టిన ఒక పోటీ జరిగింది. ఇండియా, ఇంగ్లండుల మధ్య ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయుడికి బహుమతి. టాటా కరాచీ నుండి బయలుదేరారు. ఆస్పీ ఇంజనీర్ అనే 17 ఏళ్ల కుర్రవాడు ఇంగ్లండు నుండి ఇటు వస్తున్నాడు. ఈజిప్టులో ఇద్దరూ కలిశారు. ఆస్పీ విమానానికి స్పార్క్ ప్లగ్గు లేక ఆగిపోయి ఉన్నాడు. టాటా తన దగ్గరున్నది ఇచ్చేశారు. చివరికి ఆస్పీయే గెలిచాడు. టాటా కొద్ది గంటల తేడాతో ఓడిపోయారు. ఆ ఆస్పీయే తర్వాత మన వైమానిక దళానికి అధిపతి అయ్యారు.

ఆ రోజుల్లో ఇంగ్లండు టపా కరాచీ దాకా విమానంలో వచ్చేది. అక్కడి నుండి దక్షిణాదికి రైలే గతి. ఉత్తరం చేరేసరికి రోజులు గడిచిపోయేవి. 1932 అక్టోబరు 15న ఉదయం 6:35కు టాటా ఒక్కరే పుస్ మాత్ అనే చిన్న విమానంలో టపా సంచులు వేసుకుని కరాచీలో లేచారు. అందులో రేడియో కూడా లేదు. అహ్మదాబాదులో దిగితే పెట్రోలు డబ్బాలు ఎద్దులబండి మీద వచ్చాయంట! మధ్యాహ్నం 1:50కి బొంబాయి జుహూలో దిగారు. మొత్తం 7 గంటల 15 నిమిషాలు పట్టింది. అక్కడి నుండి నెవిల్ విన్సెంట్ టపాను బళ్లారి మీదుగా మద్రాసు చేర్చారు.

బళ్లారి మనకు పక్క జిల్లానే గదా! మ్యాపులో స్కేలు పెట్టి బళ్లారి నుండి చెన్నైకి గీత గీయండి. అది మన అనంతపురం పట్నం దగ్గరగానే పోతుంది. సుమారు 430 కిలోమీటర్లు.

వానాకాలం జుహూ మైదానమంతా బురద. మనకు వాన రాక బాధ, వాళ్లకు వచ్చి బాధ! అప్పుడు విమానాన్ని పూనాలో దించేవారు. అంతేగాని టపా ఆపలేదు.

ఆ చిన్న సంస్థే 1946లో ఎయిర్ ఇండియా అయింది. 1948 జూన్ 8న బొంబాయి నుండి కైరో, జెనీవాల మీదుగా లండనుకు విమానం నడిపింది. ఓడలో వారాలు పట్టే ప్రయాణం అది. ఇప్పుడు ఎక్కడా ఆగకుండా సుమారు 10 గంటల్లో పోతున్నారు. 1953లో ప్రభుత్వం ఆ సంస్థను తీసుకున్నా, 1978 వరకు టాటాయే ఛైర్మన్.

1982లో 78 ఏళ్ల వయసులో ఆయన మళ్లీ ఒంటరిగా కరాచీ నుండి బొంబాయికి చిన్న విమానం నడిపారు. 1992లో భారతరత్న వచ్చింది. 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూశారు. 2022లో ఎయిర్ ఇండియా తిరిగి టాటాల చేతికి వచ్చింది.

ఊళ్ల మధ్య దూరం అప్పుడెంతో ఇప్పుడూ అంతే. పట్టే కాలమే తగ్గింది. దాన్ని తగ్గించడానికి పాటుపడిన ఈ మనిషి, పోటీలో ఉండి కూడా ఎదుటివాడికి ప్లగ్గు ఇచ్చాడు. మనం నేర్చుకోవలసింది అదే.