డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ

సుభాష్ ముఖోపాధ్యాయ గారు 1931 జనవరి 16న హజారీబాగులో జన్మించిరి. కలకత్తా, ఎడింబరో విశ్వవిద్యాలయములలో పరిశోధించి, సంతానోత్పత్తికి సంబంధించిన హార్మోనుల శాస్త్రమున నిష్ణాతులైరి. 1978 జులైలో ఇంగ్లండున జన్మించిన తొలి పరీక్షనాళిక శిశువునకు ఆధారము సహజముగా పండిన ఒక్క అండమే. ముఖోపాధ్యాయ గారు హార్మోను సూదిమందుతో పెక్కు అండములను పండించి, పిండమును అతిశీతలమున భద్రపరచి, పిదప తల్లి గర్భమున నిలిపిరి. అక్టోబరు 3న కలకత్తాలో ఆడుశిశువు జన్మించెను.

ప్రభుత్వము నియమించిన సంఘము దీనిని విశ్వసింపలేదు. పిమ్మట ఆయనను కంటివైద్య సంస్థకు బదిలీ చేసిరి. 1981 జూన్ 19న ఆయన బలవన్మరణము నొందిరి. 1997లో శాస్త్రజ్ఞులు ఆనందకుమార్ గారు ఆయన వ్రాతలను పరిశీలించి, భారతదేశమున ఆ ఘనత ఆయనదే యని చాటిరి.

వయస్సుతోపాటు అండములు తరుగును. అవి యున్ననాడే పండించి భద్రపరచు మార్గము ఆలస్యముగా తల్లులు కాగోరు వనితలకు నేడు ఆలంబనము.