యల్లాప్రగడ సుబ్బారావు

తెలుగుజాతి గర్వించదగిన శాస్త్రవేత్తలలో యల్లాప్రగడ సుబ్బారావు అగ్రగణ్యులు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయిన సుబ్బారావును తల్లి వెంకమ్మ ఎన్నో కష్టాలకోర్చి చదివించింది. ఆయన సోదరులిద్దరు కొద్దిదినాల వ్యవధిలోనే స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి బలైపోయారు. రోగాలను జయించే మందులు కనుగొనాలన్న దీక్ష ఆ దుఃఖం నుండే ఆయనలో దృఢపడింది.

మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపునందుకొని ఆయన ఖద్దరు ధరించారు. ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, పూర్తి పట్టానికి మారుగా తక్కువ స్థాయి పట్టంతో తృప్తిపడవలసి వచ్చింది. ఆయినా వెనుదీయక కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో బోధించి, ఆపై అమెరికాకు పయనమయ్యారు. ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరుస్తూ హార్వర్డులో విద్య కొనసాగించారు. ఆయన వెళ్ళిన తరువాత జన్మించిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. ఆ బిడ్డను కన్నులారా చూచే భాగ్యం ఆ తండ్రికి దక్కలేదు.

1940లో ఆయన లెడర్లీ పరిశోధనాలయంలో చేరారు. అప్పటికి పెన్సిలిన్ యుగం ఆరంభమవుతున్నది. పెన్సిలిన్ సూక్ష్మజీవుల కణకవచ నిర్మాణాన్ని అడ్డుకొని వాటిని సంహరిస్తుంది. కానీ కొన్ని సూక్ష్మజీవులు దానికి లొంగలేదు. ఊపిరితిత్తులకు సోకే మైకోప్లాస్మాకు అసలు కణకవచమే లేదు. ఇట్టి వాటిని జయించే మందుకోసం సుబ్బారావు బృందం దేశదేశాల మట్టిని పరీక్షించింది. డెబ్బది ఏండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్, మిస్సోరి విశ్వవిద్యాలయ క్షేత్రంలోని మట్టిలో బంగారువన్నె సూక్ష్మజీవిని గుర్తించాడు. దాని నుండి లభించినదే ఆరియోమైసిన్. అది సూక్ష్మజీవులలో మాంసకృత్తుల తయారీని నిలిపివేస్తుంది. 1948 జూలైలో ఈ మందు లోకానికి వెల్లడైంది. కొద్దివారాలకే, ఆగస్టులో, సుబ్బారావు న్యూయార్కులో కన్నుమూశారు.

ఆరియోమైసిన్‌తో మొదలైన టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందినదే డాక్సీసైక్లిన్. నాయుడుపేట వంటి పట్టణాలలోని మందుల దుకాణాలలోనూ అది నేడు లభిస్తుంది. అజిత్రోమైసిన్‌కు లొంగని మైకోప్లాస్మా సోకి పిల్లలు న్యుమోనియాతో బాధపడినప్పుడు వైద్యులు దీనిని ఆశ్రయిస్తున్నారు. అయితే టెట్రాసైక్లిన్ మందుల వలన ఎదిగే దంతాలకు మచ్చలేర్పడే అవకాశమున్నందున, ఎనిమిదేండ్లలోపు పిల్లలకు ఇచ్చేటప్పుడు వైద్యులు లాభనష్టాలను తూచి నిర్ణయిస్తారు.

ఏ మందుకైనా సూక్ష్మజీవులు అలవాటుపడి ఎదురు నిలువగలవు. వైరస్ వలన కలిగే జలుబుకు యాంటీబయాటిక్ వాడినా, వైద్యుడు చెప్పిన రీతిని పాటించకపోయినా ఈ నిరోధకత పెరుగుతుంది. అప్పుడు ఒకప్పటి సంజీవని నిరర్థకమవుతుంది. 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ వెలువరించి సుబ్బారావును గౌరవించింది. ఆయన అందించిన ఔషధ సంపదను వివేకంతో వాడి, రేపటి పసిబిడ్డలకై పదిలపరచడమే మనమాయనకు సమర్పించగల నిజమైన నివాళి.