తిరిగివచ్చిన నావికుడు జాన్ న్యూటన్

1725లో లండన్‌లో జన్మించిన జాన్ న్యూటన్‌కు వాక్యం నేర్పినది తల్లి. అతనికి ఏడేళ్లు నిండకముందే ఆమె మరణించింది. తండ్రి వెంట ఓడనెక్కిన బాలుడు పెరిగి విశ్వాసం విడిచి, దేవదూషకుడయ్యాడు. 1748 మార్చిలో పెనుతుపానులో ఓడ మునగబోతుండగా దేవుని కరుణను వేడుకొన్నాడు. తప్పిపోయిన కుమారునికి ఎదురేగిన తండ్రివలె దేవుడు తనను చేర్చుకొన్నాడని నమ్మాడు.

అయినా మార్పు ఒక్కనాటిలో పూర్తి కాలేదు. 1754 వరకు ఆఫ్రికా బానిసలను తరలించే ఓడలలోనే పనిచేశాడు. 1764లో ఓల్నీలో సంఘకాపరియై, అక్కడే ‘అమేజింగ్ గ్రేస్’ కీర్తన రచించాడు. 1788లో తన పాపాన్ని బహిరంగంగా ఒప్పుకొని, బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ పుస్తకం వెలువరించాడు. 1807లో బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధించింది. ఆ డిసెంబరులోనే న్యూటన్ కన్నుమూశాడు.

క్షమాపణ పొందినవాడు తాను చేసిన కీడును ఒప్పుకొని, దానిని ఆపుటకు పూనుకొనవలెనని అతని జీవితం బోధిస్తున్నది.