గోదావరీతీరమున బావరి

కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధికి ఉత్తరదిశను గోదావరి ప్రవహించుచున్నది. ఆ నదీమధ్యమునందలి బాదనకుర్తి ద్వీపమే బావరి ఆశ్రమస్థానమని చరిత్రకారులు కొందఱి యభిప్రాయము.

బావరి కోసలమునుండి అశ్మకదేశమునకు వచ్చిన బ్రాహ్మణుడు, వేదపారగుడు. ఒకప్పుడు మహాయజ్ఞ మొనర్చి సర్వస్వమును దానము చేసెను. అంతట నొక విప్రుడు వచ్చి 500 నాణెములు యాచించెను. లేవనగా, ఏడవనాటికి బావరి శిరస్సు ఏడు వ్రక్కలగునని శపించెను. బావరి నిరాహారుడై శోకించెను. ఆ శిరోరహస్యము బుద్ధు డెఱుగునని యొక దేవత తెలిపెను.

బావరి యప్పటికి 120 యేండ్ల వృద్ధుడని సుత్తనిపాతము చెప్పుచున్నది. ఆయన అజితుడు, పింగియుడు మున్నగు 16 మంది శిష్యులను పంపెను. వారు ప్రతిష్ఠానము, ఉజ్జయిని, కౌశాంబి, శ్రావస్తి, వైశాలి మీదుగా నడచి, మగధయందలి పాషాణక చైత్యమున బుద్ధుని దర్శించిరి. అవిద్యయే శిరస్సనియు, శ్రద్ధ, స్మృతి, సమాధి, సంకల్పము, వీర్యములతో గూడిన విద్యయే దానిని భేదించుననియు బుద్ధుడు బోధించెను. పింగియుడు మరలివచ్చి గురువునకు సర్వమును నివేదించెను.

అనేకులకు గురువైన వృద్ధుడు తన కీ యర్థము తెలియదని యంగీకరించి, శిష్యుని ముఖమున వినెను. క్షేత్రమునకేగు భక్తుడు స్వామియెదుట వంచవలసిన శిరస్సు ఏదియో బావరి చరిత్రము తెలుపుచున్నది.